లీట్రిమ్ కొలిములకు వారసులెవరు?

ఐర్లండ్‌లో కమ్మరి మాట ఎత్తితే చాలు, వెనకే గుర్రపు నాడా వచ్చేస్తుంది. వీక్లో కౌంటీలోని ఎనిస్కెరీలో పాత కొలిమి వాకిలిని రాతితో నాడా ఆకారంలోనే కట్టారు. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. అలాంటి వాకిళ్లు ఇంకొన్ని కౌంటీల్లోనూ ఉన్నాయి. బాగుంటాయి, కాదనను. కానీ కమ్మరి కథ తప్పుదారి పట్టింది ఆ నాడా వల్లేనని నా అనుమానం. గుర్రం ఉన్నంతకాలం కమ్మరి ఉన్నాడు. ట్రాక్టర్ వచ్చి గుర్రాన్ని పంపేసింది. కొలిమి చల్లారింది. కథ ఇంతే. గోడకు తగిలించే రాతి పలకకు సరిగ్గా సరిపోతుంది కాబట్టి ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు.

నేనుండేది లీట్రిమ్ కౌంటీలో. ఈ కథ ఇక్కడి మట్టికి అతకదు.

ఐర్లండ్‌కు వాయవ్యంగా, షానన్ నది పుట్టి కిందికి పారే దారిలో ఉంటుంది లీట్రిమ్. ఎటు చూసినా చిన్న చిన్న మట్టి గుట్టలు, వాటి మధ్య చెరువులు, నీరింకని బంకనేల. వాన ఆగితే వార్త. ఈ నేలలో నాగలి సాగని చోట్లు ఎన్నో. సాగినా, రెండెకరాల బంగాళదుంపల కోసం గుర్రాన్ని మేపగల స్తోమత ఉన్నవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడి వ్యవసాయం చాలాకాలం 'లాయ్' అనే పార మీద నడిచింది. యాష్ చెట్టు నుంచి తీసిన పొడవాటి కర్ర, కింద సన్నటి ఇనుప మొన, కాలితో తొక్కడానికి ఒక పక్కన మాత్రమే మెట్టు. మనిషి దాన్ని నేలలోకి దించి, వెనక్కి వంచి, గడ్డితో సహా మట్టిపెళ్లను తిరగేసి బోదెలు వేసేవాడు. గుర్రం చేసే పనిని నడుమూ కాలూ చేసేవి.

ఆ లాయ్ ఇనుము కమ్మరి పని. ఏ ఊరి నేలకు ఎంత వెడల్పు, ఎంత వంపు, తొక్కేది ఏ కాలు అన్నదాన్ని బట్టి రూపం మారేది. రాళ్లు తగిలి మొన అరిగితే మళ్లీ కొలిమికి తెచ్చి కొత్త ఉక్కు అతికించి పదును పెట్టించుకునేవారు. బురదనేలల్లోంచి టర్ఫ్, అంటే పొయ్యిలో కాల్చే నల్లమట్టి, కోసే 'స్లాన్' అనే పార మరో రకం. దానికి అంచున రెక్కలాంటి పలక ఉంటుంది, తడి టర్ఫ్‌ను ఇటుకలా కోసి తీయడానికి. ఎండబెడితే అదే ఏడాది పొడుగునా పొయ్యిలోకి. స్లాన్ సరిగ్గా కుదరకపోతే చలికాలం ఇల్లు వెచ్చగా ఉండదు. ఇవి కాక తలుపు బందులు, గేట్లు, పొయ్యి మీద కుండ వేలాడదీసే ఇనుప చెయ్యి, పటకార్లు, గొలుసులు, గొర్రుకు పళ్లు. నాడాలూ కొట్టేవాడు, అయితే గుర్రాలకు ఎన్నో గాడిదలకూ అన్ని. లీట్రిమ్‌లో టర్ఫ్ మోసిందీ, పాలడబ్బాలను క్రీమరీకి, అంటే పాలకేంద్రానికి, చేర్చిందీ గాడిదే.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది చక్రానికి ఇనుపపట్టా ఎక్కించే పని. చక్రం వడ్రంగి చేస్తాడు. కమ్మరి ఒక చిన్న ఇనుప బిళ్లను చక్రం అంచు మీద దొర్లించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి చుట్టుకొలత తీస్తాడు. పట్టాను ఆ కొలతకన్నా కొంచెం తక్కువగా వంచి అతుకుతాడు. ఎంత తక్కువ అన్నదే విద్య. మరీ తగ్గితే బిగిసినప్పుడు ఆకులు వంగిపోయి చక్రం గిన్నెలా తయారవుతుంది. చాలినంత తగ్గకపోతే ఎండలు ముదిరేసరికి పట్టా ఊడి దారిలో దొర్లుకుంటూ పోతుంది. ఇక పట్టాను కొలిమి బయట నేల మీద పరిచి, చుట్టూ టర్ఫ్ పేర్చి ఎర్రగా కాలుస్తారు. ఇద్దరు ముగ్గురు పొడుగాటి పటకార్లతో ఎత్తుకొచ్చి, రాతి దిమ్మె మీద బిగించిన చక్రం మీదికి దించుతారు. చెక్క భగ్గుమంటుంది. సమ్మెటలతో కొట్టి కూర్చోబెడుతూనే నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుంటుంది, లోపల ఒక్కో కీలూ కిర్రుమంటూ బిగుస్తుంది. నిమిషాల్లో తేలిపోయే పని ఇది, రెండో అవకాశం ఉండదు. కొలిములు వాగు పక్కన, దారులు కలిసేచోట వెలిసింది ఊరికే కాదు.

ఇనుముతో లీట్రిమ్ బంధం పాతది. కౌంటీ నడుమ ఉన్న కొండ పేరే స్లీవ్ అనీరిన్, ఇనుపకొండ. పురాణాల్లోని తూఅహ డే దానన్ దేవతాగణం నల్లమబ్బుల్లో వచ్చి ఈ కొండ మీదే దిగిందని చెప్పుకుంటారు. వాళ్ల దేవకమ్మరి పేరు గోవ్నియు. పాత ఐరిష్ ధర్మశాస్త్రంలో మనిషి హోదాను బట్టి పరువుకు వెల ఉండేది. అవమానిస్తే అంత చెల్లించాలి. ఆ లెక్కలో వైద్యుడికి ఎంతో కమ్మరికీ అంతే. సెయింట్ పాట్రిక్ పేరుతో చలామణిలో ఉన్న ఒక ప్రాచీన ప్రార్థన అయితే స్త్రీల, కమ్మరుల, డ్రూయిడ్లనే పాత మతపు పూజారుల మంత్రాల నుంచి కాపాడమని దేవుణ్ణి వేడుకుంటుంది. గౌరవమూ భయమూ కలిసే ఉండేవన్నమాట. 1788లో పక్కనే అరిగ్నాలో ఇనుప కర్మాగారం పెట్టారు, 1838కల్లా అది మూతపడింది. అది మూతపడ్డా ఊళ్లలో కొలిములు ఆగలేదు. వాటికి కావలసింది కొండలోని ఖనిజం కాదు, ఇంటింటికీ ఉండే పాత ఇనుము.

మన పాఠకులకు వచ్చే అనుమానం ఒకటి ముందే తీర్చేస్తాను. ఇది కులమా? కాదు. కొడుకు తండ్రి దగ్గరే నేర్చుకోవడం మామూలే, తరాల తరబడి ఒకే ఇంటి చేతిలో ఉన్న కొలిములూ ఉన్నాయి. కానీ వేరే ఇంటి కుర్రాడు వచ్చి పనిలో చేరి నేర్చుకుంటే ఎవరూ కాదనరు, కమ్మరి కొడుకు గుమాస్తా అయితే ఎవరూ నోరు నొక్కుకోరు. కొలిమితో బంధం మన దగ్గర పుట్టుకతో ముడిపడింది, ఇక్కడ ఇంటితో మాత్రమే. తేడా చిన్నది కాదు. మన దగ్గర పంటలో ఇచ్చే మేరల్లాగా ఇక్కడ కూడా కూలి చాలావరకు వస్తురూపంలోనే వచ్చేది: బండెడు టర్ఫ్, బస్తా దుంపలు, కోతల్లో ఒకరోజు సాయం. డబ్బయితే సంత రోజు దాకా ఆగాలి, అప్పు పుస్తకం నిండుతూనే ఉంటుంది. పాత కొలిమి అనగానే కరిగిపోయే పెద్దమనుషులు ఈ అప్పు పుస్తకం సంగతి ఎత్తరు.

కొలిమిలో అంత కబుర్లకు ఎందుకు చోటుండేదో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. పని అయ్యేదాకా ఆగాల్సిందే, ఆగినవాడు మాట్లాడతాడు. రాజ్యానికి అది నచ్చదు. బ్రిటిష్ పాలన మీద జరిగిన 1798 తిరుగుబాటు రోజుల్లో బల్లేలు కొట్టింది కమ్మరులే. అందుకే సైన్యం కొలిములను తగలబెట్టి, కమ్మరులను కొరడాలతో కొట్టి దాచిన ఆయుధాలు చెప్పించేది. తిరుగుబాటుకు సాయంగా ఆ ఏడు ఆగస్టులో మేయో తీరంలో దిగిన ఫ్రెంచి జనరల్ ఊంబెర్ సేన లీట్రిమ్ మీదుగా వచ్చి క్లూన్‌లో ఒక రాత్రి ఆగింది. మర్నాడు, సెప్టెంబరు 8న, బాలినామక్ దగ్గర ఓడిపోయింది. ఫ్రెంచివాళ్లను యుద్ధఖైదీలుగా తీసుకున్నారు. బల్లేలు పట్టుకున్న ఐరిష్‌వాళ్లకు ఆ మర్యాద దక్కలేదు, ఊచకోత కోశారు.

ఇక అసలు వాదన. కొలిమిని ట్రాక్టర్ చంపిందంటారు. ముందు జనాభా లెక్క చూడండి. 1841లో లీట్రిమ్‌లో సుమారు 1,55,000 మంది ఉండేవారు. తర్వాత కరువు, వలస. 1926కల్లా 56,000. 1996లో 25,000. ఇప్పుడు కాస్త కోలుకుని 35,000. రాత్రిపూట ఆర్డ్నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ గీసిన పాత పటాల్ని కంప్యూటర్ తెర మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూడటం నాకున్న పనికిమాలిన అలవాట్లలో ఒకటి. పటం మీద కొలిమి అని రాసి ఉన్న కూడళ్ల చుట్టూ పాత పటంలో ఇళ్ల చుక్కలు గుంపులుగా ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దపు పటానికి వచ్చేసరికి చుక్కలు పలచబడతాయి. కొలిమి ఉంటుంది, ఇళ్లుండవు. లాయ్ పట్టే కాళ్లు బోస్టన్‌కూ గ్లాస్గోకూ బర్మింగ్‌హామ్‌కూ వెళ్లిపోయాయి. మొదటి ట్రాక్టర్ ఈ దారిన రాకముందే గిరాకీలో సగానికి పైగా ఓడెక్కేసింది.

రెండోది, కార్ఖానా సరుకు. 1887లో కావన్ అండ్ లీట్రిమ్ చిన్నరైలు మొదలైంది, 1959 దాకా నడిచింది. స్టేషను ఉన్న చోటికి కార్ఖానా పార వస్తుంది. పారలు చేసే నీటిమిల్లులు తెలివైనవి. ఏ జిల్లాకు ఏ రూపం కావాలో స్థానిక కమ్మరి నమూనాలు చూసి అదే తయారుచేసి పంపేవి. అలాంటి మిల్లొకటి, 1919లో మొదలైంది, ఆంట్రిమ్‌లోని టెంపుల్‌ప్యాట్రిక్ దగ్గర ఇంకా ఉంది. వెక్స్‌ఫర్డ్‌లో 1839లో మొదలైన పియర్స్ కంపెనీ నాగళ్లూ గడ్డికోత యంత్రాలూ దేశమంతా అమ్మింది. కమ్మరి కొట్టిన వస్తువు కన్నా అవి చవక. అయినా ఆయన కొలిమి మూసుకోలేదు. ఆ యంత్రం పన్ను విరిగితే, ఇరుసు వంగితే, రైతు వెక్స్‌ఫర్డ్ వెళ్తాడా? కొలిమికే వచ్చాడు. వస్తువు చేసేవాడు కాస్తా వస్తువు బాగుచేసేవాడయ్యాడు. నా ఉద్దేశంలో కమ్మరి చరిత్రలో పెద్ద మలుపు ఇదీ, గుర్రం పోవడం కాదు.

తర్వాత ట్రాక్టర్. దాన్ని పల్లెపల్లెకూ చేర్చిన హ్యారీ ఫెర్గుసన్ కూడా ఐర్లండ్ రైతుబిడ్డే. 1884లో డౌన్ కౌంటీలోని గ్రోవెల్‌లో పుట్టాడు. ఆయన బూడిదరంగు బుల్లి ట్రాక్టర్, టీఈ20, 1946 నుంచి 1956 దాకా కొవెంట్రీలో తయారై ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది. పనిముట్టును మూడుచోట్ల తగిలించే లింకేజీ వల్ల చిన్న పొలంలోనూ తిరిగేది. ఇక్కడ ఒక సంగతి మరిచిపోతారు. ట్రాక్టర్ కొన్న రైతు దానితోపాటు కొత్త పనిముట్లన్నీ కొనలేదు, కొనే డబ్బు లేదు. గుర్రం లాగిన గడ్డికోత యంత్రాన్నీ బండినీ కమ్మరి దగ్గరికి తెచ్చి, గుర్రం కట్టే కాడిమానులు కోయించి, ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప కమ్మీ పెట్టించుకున్నాడు. ట్రాక్టర్ వచ్చిన తొలిరోజుల్లో కొలిమికి పని పెరిగింది.

మరి మంట ఎప్పుడు ఆరింది? కరెంటు వచ్చినప్పుడు. పల్లెల విద్యుదీకరణలో మొదటి స్తంభం 1946 నవంబరు 5న డబ్లిన్ కౌంటీలోని కిల్సాలహాన్‌లో పాతారు. మారుమూలలకు చేరడానికి 1970లు వచ్చాయి. అంతవరకూ రెండు ఇనుప ముక్కలు ఒకటి కావాలంటే రెంటినీ తెల్లగా, నిప్పురవ్వలు చిమ్మే దాకా కాల్చాలి. తుప్పుపొర కరగడానికి ఇసుక చల్లాలి. ఒక్క ఊపున దాగలి మీదికి తెచ్చి, చల్లారేలోగా కొట్టి కలపాలి. ఏళ్ల తరబడి చేస్తేనే వచ్చే విద్య అది. ఆర్క్ వెల్డింగ్ మిషన్ వచ్చాక ఆ అతుకును వారాల్లో నేర్చుకోవచ్చు. చాలామంది కమ్మరులు ఏడవలేదు, సంతోషంగా మిషన్ కొన్నారు. తిత్తులు మూలన పడ్డాయి. పని మాత్రం అదే, వచ్చే మనుషులూ వాళ్లే.

కనుక వారసుణ్ణి వెతకాల్సింది రాతి గోడల దగ్గర కాదు, రేకుల షెడ్డులో. ఆమధ్య మా గేటు బందు విరిగితే అలాంటి షెడ్డుకే తీసుకెళ్లాను. ఊరికి కొంచెం ఎడంగా, బోర్డు లేని షెడ్డు. ముందు బురద, ఇరుసు లేని ట్రెయిలరు, పేడనీళ్ల ట్యాంకరు, పళ్లు ఊడిన లోడరు బకెట్టు. లోపల రేడియోలో గేలిక్ ఫుట్‌బాల్ వ్యాఖ్యానం. నాకన్నా ముందు వచ్చినవాళ్లు ముగ్గురు గోడకు ఆనుకుని దూడల ధరల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన పని ఎప్పుడో అయిపోయిందని నాకు తర్వాత అర్థమైంది, ఊరికే ఉన్నాడు. వెల్డరు ముసుగు పైకెత్తి, బందు తిప్పి చూసి, "ఇది అతికితే మళ్లీ ఇక్కడే విరుగుతుంది, కింద ఒక ముక్క వేస్తాను" అన్నాడు. పాత ట్రక్కు స్ప్రింగు ముక్క కోసి వేశాడు. ఎంత అని అడిగితే చెప్పిన మొత్తం ఎంత తక్కువంటే, నేనే సిగ్గుపడి ఇంకొంచెం ఇవ్వబోయాను. తీసుకోలేదు.

పాత కొలిమి వర్ణనలో ఉండేవన్నీ అక్కడ ఉన్నాయి. నడిచి రాగల దూరంలో, లేదా ట్రాక్టర్ మీద రాగల దూరంలో, నీ వస్తువు చూసి దానికి సరిపడే ఉపాయం చెప్పే మనిషి. పాత ఇనుముకు కొత్త జన్మ. అప్పు. కబుర్లు. లేనిది ఒక్కటే, అందం. రేకుల షెడ్డును ఎవరూ ఫొటో తీయరు. మన మండల కేంద్రాల్లో కేజ్ వీల్సూ ట్రాలీలూ బాగుచేసే వెల్డింగ్ షాపులకు కవులు దొరకనట్టే, వీటికీ దొరకలేదు.

పైగా విచిత్రం ఏమిటంటే, అందరూ చనిపోయిందని బాధపడే నాడా పని నిక్షేపంలా ఉంది. ఐర్లండ్ పందెపు గుర్రాల దేశం. నాడాలు కొట్టే ఫారియర్లు వ్యాను వెనక గ్యాసు కొలిమి పెట్టుకుని గుర్రం దగ్గరికే వెళ్తారు, ఎక్కువగా కార్ఖానాలో చేసిన నాడాలనే కాల్చి సరిచేసి వేస్తారు. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్‌లలో ఫారియరీ ఉంది, ఇనుమును కోసి వెల్డింగ్ చేసే మెటల్ ఫ్యాబ్రికేషనూ ఉంది. కమ్మరి పని రెండుగా చీలి రెండూ బతికాయి. రాతి పలకలు మాత్రం ఇంకా సంతాపమే చెబుతున్నాయి.

మ్యూజియాలను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఫర్మానా కౌంటీ లిస్రేస్ నుంచి తెచ్చి అల్స్టర్ ఫోక్ మ్యూజియంలో నిలబెట్టిన కొలిమిని చూస్తే పొగ వాసనతో సహా నమ్మబుద్ధేస్తుంది. కాజిల్‌బార్ దగ్గర టర్లో పార్కులో 2001లో తెరిచిన కంట్రీ లైఫ్ మ్యూజియం పనిముట్లను పనిముట్లుగానే చూపిస్తుంది. నా పేచీ వారాంతపు ప్రదర్శనలతో. తోలు ఆప్రాన్ కట్టుకున్న ఒకాయన కొక్కేలూ కీచైన్లూ కొట్టి చూపిస్తాడు. నేర్పు ఉంది, చేతులు తట్టవలసిందే. కానీ ఆయన దగ్గరికి విరిగిన వస్తువుతో ఎవరూ రారు. విరిగిన వస్తువు రాని చోటు కొలిమి ఎలా అవుతుంది?

1937 నుంచి 1939 దాకా ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఒక గొప్ప పని చేసింది. 26 కౌంటీల్లోని సుమారు 5,000 బడుల్లో పిల్లల చేత ఊరి పెద్దల్ని అడిగించి జానపద సంగతులు రాయించింది. దాదాపు 7,40,000 పేజీలు పోగయ్యాయి. ఇచ్చిన అంశాల్లో ఊరి కొలిమి ఒకటి. ఎన్ని కొలిములున్నాయి, ఎక్కడ, కప్పు ఎలాంటిది, తిత్తులు ఎవరు చేశారు, ఆరుబయట ఏ పనులు చేస్తారు, కొలిమి నీళ్లకు మహిమ ఉందా అని అడిగారు. పిల్లలు ఓపిగ్గా అన్నీ రాశారు. కానీ నేడు ఆ పేజీల్లోంచి మళ్లీ మళ్లీ పైకి తీసేది పులిపిర్లు పోగొట్టే కొలిమి నీళ్లను, దాగలిని ఎదురు తిప్పి పెట్టే శాపాన్ని, పసిబిడ్డను ఫెయిరీలనే మాయజీవులు ఎత్తుకుపోకుండా ఉయ్యాల మీద అడ్డం పెట్టే పటకారును. పక్క వాక్యంలోనే ఆ పిల్లాడు గొర్రుకు పళ్లు ఎలా వేస్తారో రాసి ఉంటాడు, అది ఎవరికీ అక్కర్లేదు. తప్పు సేకరించినవాళ్లది కాదు, చదివేవాళ్లది.

ఆ ప్రశ్నల జాబితానే తీసుకుని ఇప్పుడు రేకుల షెడ్డులకు వెళ్లమని నా సూచన. దీన్ని స్థానిక చరిత్ర సంఘం సమావేశం ఒకదానిలో అన్నాను. మర్యాదగా నవ్వి, టీ తెచ్చారు. వెల్డింగ్ చరిత్ర ఎలా అవుతుందని ఒక పెద్దావిడ నిజంగానే అడిగింది. 1937లో గొర్రు పళ్లు చరిత్ర ఎలా అయ్యాయో అలాగే అన్నాను. ఆవిడకు నచ్చలేదు.

నాకు తొందర ఎందుకంటే, షెడ్డుకు వచ్చే పనుల్లో కొన్ని ఇప్పటికే వెనక్కి పోతున్నాయి. బకెట్టు పన్ను విరిగితే అతకొచ్చు. కొత్త ట్రాక్టర్ తెర మీద తప్పు కోడు వెలిగి ఇంజను మొరాయిస్తే, సమ్మెటా వెల్డింగు కడ్డీ ఏం చేస్తాయి? డీలరు మనిషి ల్యాప్‌టాప్‌తో రావాలి, వచ్చేదాకా గడ్డి వానలో తడుస్తుంది. 2024లో యూరోపియన్ యూనియన్ మరమ్మతు హక్కు మీద ఒక డైరెక్టివ్, అంటే సభ్యదేశాలకు ఆదేశం, తెచ్చింది. ఏయే వస్తువులను తయారీదారు బాగుచేసి ఇవ్వాలో దానికి ఒక జాబితా ఉంది. వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు ఉన్నాయి. వెల్డింగ్ పరికరాలూ ఉన్నాయి. ట్రాక్టర్ లేదు, దాని మరమ్మతు సమాచారానికి 2013 నాటి నిబంధనలు వేరే ఉన్నాయి. ఈ సంగతి షెడ్డులో చెబితే వెల్డరు నా వంక చూసి, తన మిషన్ ఎప్పుడూ పాడవలేదనీ, పాడైనా దాన్ని తనే విప్పుతాననీ అన్నాడు. గోడకు ఆనుకున్నవాళ్లు మళ్లీ దూడల ధరల్లోకి వెళ్లిపోయారు.